మూడో సున్నా

రాష్ట్ర రొయ్యల వికాస మండలిలో సహాయ సంచాలకురాలు గుత్తుల వీరవేణి, ఉద్యోగంలో చేరాక మీటింగులో అడగని మాట చెప్పింది ఒక్కసారే. అదీ ఆకలి మీద.

ఆ మీటింగు టీ గురించి. కిందటేడు మండలి తరఫున వియత్నాం వెళ్లొచ్చిన అధికారి ఒకాయన ఖర్చుల బిల్లులో "టీ ఒకటి, ఇరవై అయిదు వేలు" అని రాశాడు. అవి అక్కడి డబ్బు, డాంగులు. డాంగులని రాయడం మరిచిపోయాడు. ఆడిట్ వాళ్లు దాని కింద ఎర్ర గీత గీశారు. కాకినాడ పేపరొకటి "రొయ్యల మండలి వారి బంగారు టీ" అని మొదటి పేజీలో వేసింది. ఆయన్ని శీతల గిడ్డంగికి బదిలీ చేసి, ఇకమీదట ఇలాంటివి జరగకుండా ఒక విధానం తయారు చేయాలని మేనేజింగ్ డైరెక్టర్ కోదండపాణి గారు అందరినీ కూర్చోబెట్టారు. త్వరలో వియత్నాం వెళ్లబోయే రెండో బృందానికి నాయకుడు ఆయనే. పేపర్లో తన పేరు పడటం ఆయనకిష్టం లేదు.

"విదేశీ ద్రవ్య మానసిక పరివర్తన విధానం" అన్న పేరు మీదే పొద్దుటి పూటంతా గడిచింది. మానసిక అనాలా, మనోగత అనాలా అన్నది తేలలేదు. వీరవేణి క్యారేజీలో చింతచిగురు పప్పు చల్లారిపోతోంది.

"అంతెందుకండీ," అంది ఆమె. "మూడు సున్నాలు తీసేసి, మిగిలిందాన్ని మూడుతో హెచ్చేసి, దానికి పదోవంతు కలిపితే రూపాయలొచ్చేస్తాయండి. ఇరవై అయిదు వేల డాంగులంటే ఇరవై అయిదు. ఇరవై అయిదు మూళ్లు డెబ్బై అయిదు. పదోవంతు ఏడున్నర. టీ ఎనభై రెండున్నర రూపాయలండి. నోటితో చెప్పేసుకోవచ్చు."

ఆర్థిక సలహాదారు చల్లా ఏకాంబరేశ్వరరావు గారు కళ్లద్దాలు తీసి మెల్లగా తుడుచుకున్నారు. ఆయన అద్దాలు తుడుచుకున్నారంటే ఏదో ఒక ఫైలు ఆగిపోతుందని ఆఫీసులో అందరికీ తెలుసు.

"సున్నాలు తీసేసి అన్నావు. ఎవరు తీస్తారమ్మా?"

"మనమేనండి."

"ప్రభుత్వ ద్రవ్యంలోంచి?"

వీరవేణి క్యారేజీ వైపు చూసింది.

"కార్యాలయంలో కాలు విరిగిన కుర్చీని కొట్టివేయాలంటే కమిటీ వేస్తాం," అన్నారు ఏకాంబరేశ్వరరావు గారు. "ముగ్గురు వచ్చి, కుర్చీని పరిశీలించి, విరిగినమాట వాస్తవమేనని సంతకం చేస్తేగాని దాన్ని గుమ్మం దాటించలేం. ఒక మొత్తంలోంచి ఒక సున్నా తీసేయడమంటే పదింట తొమ్మిది వంతులు కొట్టివేయడం. మూడు సున్నాలంటే వెయ్యింట ఒక్క వంతు మిగులుతుంది. ఏ అధికారి, ఏ హోదాలో, ఏ నిబంధన కింద కొట్టివేస్తున్నాడో తేలకుండా ఇది ముందుకు సాగటానికి వీల్లేదు."

అందులో తప్పుందని వీరవేణికి తెలుసు. ఎక్కడుందో మాత్రం చప్పున దొరకలేదు. ఆమెకు దొరికేలోపల ఉత్తర్వు వచ్చేసింది.

"మొదటి సున్నాను తొలగించు అధికారము సహాయ సంచాలకులకు గలదు. రెండవ సున్నా జనరల్ మేనేజరుకు, మూడవ సున్నా మేనేజింగ్ డైరెక్టరుకు మాత్రమే గలదు. మూడవ సున్నాకు సంబంధించిన అధికారమును వేరొకరికి దఖలుపరచరాదు. మూడుతో హెచ్చవేయుట, పదవ వంతు కలుపుట ఆర్థిక విభాగమునకు చెందును. ఫోనులోని లెక్కల యంత్రము వాడరాదు. లెక్క మనసులోనే చేయవలెను. మనసులోనే చేసినట్లు అచ్చటనే బిగ్గరగా ప్రకటించవలెను."

బృందంలో ఎవరుండాలన్నది ఈ ఉత్తర్వుతోనే తేలిపోయింది. రొయ్య పిల్లల జబ్బుల మీద ఇరవై ఏళ్లు పనిచేసిన శాస్త్రజ్ఞుడి పేరు జాబితాలోంచి తీసేశారు. ఆయన హోదాకు తీయగలిగిన సున్నా లేదు. మొదటి సున్నాకు వీరవేణి, రెండోదానికి జనరల్ మేనేజర్ మహబూబ్ సుభానీ గారు, మూడోదానికి కోదండపాణి గారు, హెచ్చవేతకు ఏకాంబరేశ్వరరావు గారు ఖాయమయ్యారు. డబ్బు సంచి కూడా ఆయన దగ్గరే.

శాస్త్రజ్ఞుడి విషయంలో మనసు చివుక్కుమన్నా, వీరవేణి సంతోషించింది. ఆమె చూసే మండలాల్లో ఆ ఏడు తెల్లమచ్చ తెగులు తగిలి చెరువులకు చెరువులే ఖాళీ అయిపోయాయి. వియత్నాంలోని కాన్ థో దగ్గర రొయ్య పిల్లను పెంచే ఒక హేచరీలో మందులు కొట్టకుండానే పిల్లను బతికిస్తున్నారని ఆమె చదివింది. అది ఎలాగో కళ్లతో చూసి రావాలని ఆమె కోరిక.

ప్రయాణానికి ముందు శిక్షణ ఇచ్చారు. లెక్క చేసేటప్పుడు పెదవులు కదపకూడదన్నారు. కదిలితే అది నోటి లెక్క అవుతుందట. సుభానీ గారికి చిన్నప్పటి నుంచీ ఎక్కాలు గొణగందే రావు. ఆయన వారం రోజులు పళ్ల మధ్య లవంగం పెట్టుకుని సాధన చేశారు.

ఇంటి దగ్గర భర్త సత్తిరాజు ఉత్తర్వు నకలు రెండుసార్లు చదివాడు. అతనికి మోటారు పంపుల కొట్టుంది.

"నలుగురూ ఒకచోట లేకపోతే ఏం చేత్తారు?" అని అడిగాడు.

"ఒకచోటే ఉండాలంట."

"బాత్రూముకెళ్లినా?"

"ఆ సంగతి ఉత్తర్వులో రాయలేదండి," అంది వీరవేణి.

కాన్ థోలో ఎండ కాకినాడ ఎండకేమీ తీసిపోలేదు. నది ఒడ్డున కొబ్బరి బోండాల బండి కనబడగానే నలుగురూ ఒకేసారి ఆగిపోయారు. బండి దగ్గరున్న ముసలావిడ ఒక బోండం చెక్కి ధర చెప్పింది. మండలి వారికి దుబాసీగా కుదిరిన లాన్ అనే అమ్మాయి దాన్ని తిప్పి చెప్పింది. "ఇరవై వేలంటోంది."

నలుగురూ హోదాల వారీగా వరసలో నిలబడ్డారు.

"ఇరవై వేలు. ప్రారంభించండి," అన్నారు ఏకాంబరేశ్వరరావు గారు.

వీరవేణి కళ్లు మూసుకుంది. "మొదటి సున్నా తొలగించడమైనది. శేషం రెండు వేలు."

"రెండో సున్నా తొలగించడమైనది," అన్నారు సుభానీ గారు పెదవులు బిగించి. "శేషం రెండొందలు."

కోదండపాణి గారు గొంతు సవరించుకున్నారు. "మూడవ సున్నా తొలగించడమైనది. శేషం ఇరవై."

"ఇరవై మూళ్లు అరవై. పదో వంతు ఆరు. అరవై ఆరు రూపాయలు. లెక్క మనసులోనే చేయడమైనది. కొనవచ్చు," అన్నారు ఏకాంబరేశ్వరరావు గారు.

ముసలావిడ కత్తి పక్కన పెట్టి లాన్‌ను ఏదో అడిగింది. "తాగే ముందు మీ దేశంలో ఇలా ప్రార్థన చేస్తారా అంటోంది," అంది లాన్.

కోదండపాణి గారు కొంచెం ఆలోచించి, అవునని చెప్పమన్నారు.

ఒక బోండం ఒక లావాదేవీ. రెండో బోండానికి మళ్లీ వరస కట్టారు. మూడోదానికి వచ్చేసరికి చుట్టూ జనం చేరారు. నాలుగోదానికి ముసలావిడ కూడా వాళ్లతోపాటు కళ్లు మూసుకుని చేతులు జోడించింది.

ఆ తరవాత కష్టాలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. కోదండపాణి గారికి భోజనం కాగానే ఒక కునుకు తీసే అలవాటుంది. ఆయన లేచేదాకా మూడో సున్నా కూడా ఆయనతోపాటే పడుకునేది. ఆ వేళలో టీ కావాలన్నా, తలనొప్పి మాత్ర కావాలన్నా మిగిలిన ముగ్గురూ హోటలు వరండాలో కూర్చుని ఆయన తలుపు వైపు చూసేవారు. ఒకరోజు సంతలో వీరవేణి తప్పిపోయి ఒంటరిగా మిగిలింది. నాలుక పిడచ కట్టుకుపోతోంది. నీళ్ల సీసా పదివేలు. తన అధికారం మేరకు ఆమె దాన్ని వెయ్యి దాకా దించగలిగింది. అక్కడితో ఆగి, సీసా మళ్లీ అరలో పెట్టేసి, ముగ్గురినీ వెతుక్కుంటూ ఆ ఎండలో తిరిగింది.

"నా సొంత డబ్బుతో నేను కొనుక్కుంటే ఏమవుతుందండీ?" అని అడిగింది దొరికాక.

"పర్యటనలో ఉన్న ప్రభుత్వోద్యోగికి సొంత దాహం ఉండదమ్మా," అన్నారు ఏకాంబరేశ్వరరావు గారు. ఆయన ఈ మాట కసిరినట్టు అనలేదు. ఆయన పెదవులు కూడా ఎండి పగిలి ఉన్నాయి.

హేచరీకి వెళ్లిన రోజున మాత్రం వీరవేణి ఇవన్నీ మరిచిపోయింది. తొట్లలో నీళ్లు అద్దంలా ఉన్నాయి. వాటిలో పిల్ల కంటికి ఆననంత సన్నగా, చురుగ్గా తిరుగుతోంది. హేచరీ యజమాని ఆమె అడిగిన ప్రతిదానికీ ఓపిగ్గా జవాబు చెప్పాడు. నీళ్లను ఎలా వడకడతారో, ఏ నాచు వేస్తారో, తల్లి రొయ్యను ఎన్నాళ్లు విడిగా ఉంచి చూస్తారో అన్నీ చెప్పాడు. ఖర్చు దగ్గరికి వచ్చినప్పుడల్లా ఏకాంబరేశ్వరరావు గారు అడ్డుపడి వరస కట్టించారు. నాలుగుసార్లు అలా అయ్యాక యజమాని ధరలు చెప్పడం మానేశాడు.

మధ్యాహ్నం ఆయన స్వయంగా వండించి భోజనం పెట్టాడు. అన్నీ రొయ్యలే.

కోదండపాణి గారు మూడేళ్లుగా రొయ్యల వికాస మండలికి అధిపతి. రొయ్య తినండి, ఆరోగ్యంగా ఉండండి అని గోడల మీద రాయించింది ఆయనే. చిన్నప్పుడు ఒకసారి రొయ్య తింటే ఒళ్లంతా దద్దుర్లు లేచాయన్న సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. చెప్పే ఉద్యోగం కాదది. యజమాని తన చేత్తో వలిచి పెట్టిన పెద్ద రొయ్యను కాదనలేక, ఒకటి నోట్లో వేసుకున్నారు. మర్యాద కోసం రెండోది కూడా.

కాసేపటికి ఆయన చెవులు ఎర్రబడ్డాయి. తరవాత పెదవులు ఉబ్బాయి. ఏదో చెప్పబోతే మాటకు బదులు ఈల లాంటి శబ్దం వచ్చింది. యజమాని వ్యానులో వేసుకుని అందరూ ఆసుపత్రికి పరుగెత్తారు. డాక్టరు చూసీ చూడగానే ఒక ఇంజక్షన్ ఇచ్చింది. ఊపిరి కొంచెం తేలికపడింది గాని, ఈల పోలేదు. లోపలి వార్డులో చేర్చాలని, రాత్రంతా కనిపెట్టి ఉండాలని, డబ్బు కట్టి రమ్మని చెప్పింది.

కౌంటరు దగ్గర అరవై లక్షలన్నారు.

వీరవేణి మొదటి సున్నా తీసింది. ఆరు లక్షలు. సుభానీ గారు రెండోది తీశారు. పెదవులు కదిలాయి గాని ఎవరూ పట్టించుకోలేదు. అరవై వేలు. ఆ తరవాత ముగ్గురూ స్ట్రెచర్ వైపు చూశారు.

"అరవై వేలు మూళ్లు లక్షా ఎనభై వేలు," అన్నారు ఏకాంబరేశ్వరరావు గారు. ఆయన నుదురంతా చెమట. "పదో వంతు పద్దెనిమిది వేలు. మొత్తం లక్షా తొంభై ఎనిమిది వేలు. విదేశంలో అత్యవసర వైద్యానికి పరిమితి యాభై వేలే. మించిపోయింది. చెల్లించలేం."

"మూడోది తీస్తే పందొమ్మిది వేల ఎనిమిది వందలేగా సార్," అన్నారు సుభానీ గారు.

"తీస్తే. తీయవలసిన వారు అస్వస్థులుగా ఉన్నారు."

లాన్ తన సంచిలోంచి కార్డు తీసింది. "నేను కడతాను. తరవాత ఇద్దురుగాని."

"విదేశీయుల నుంచి కానుకలు స్వీకరించరాదు," అన్నారు ఏకాంబరేశ్వరరావు గారు. హేచరీ యజమాని కూడా పర్సు తీయబోతే ఆయనకూ అదే చెప్పారు.

సుభానీ గారు స్ట్రెచర్ మీదికి వంగారు. "సార్, మూడో సున్నా. తీసేయమంటారా? తల ఊపండి చాలు."

కోదండపాణి గారి తల కదిలింది.

"నిలువుగా ఊపారా, అడ్డంగానా?" అన్నారు ఏకాంబరేశ్వరరావు గారు. "అయినా తల ఊపడం మౌఖిక ఉత్తర్వు కిందికి రాదు. రేపు నన్ను అడుగుతారు. నాకు ఎనిమిది నెలల సర్వీసు మిగిలింది. నా పింఛను ఆపేస్తారు." ఆయన డబ్బు సంచిని రెండు చేతులతో పొట్టకు అదుముకుని నిలబడ్డారు. ఆ మనిషికి నిజంగానే కోదండపాణి గారి మీద కోపం లేదని, చచ్చేంత భయం మాత్రమే ఉందని వీరవేణికి అప్పుడు అర్థమైంది. ఆమెకూ భయంగానే ఉంది. కాని అవతల ఈల శబ్దం సన్నబడుతోంది.

"తీసేశానండి," అంది.

"ఏది?"

"మూడోది."

ఆయన తేరుకునేలోగా సంచి ఆయన చేతుల్లోంచి లాక్కుని, నోట్లు లెక్కపెట్టి కౌంటరులో కట్టేసింది. మూడుతో కూడా తనే హెచ్చవేసింది. పదోవంతు కూడా తనే కలిపింది. పెదవులు కదిపి, బిగ్గరగా.

సాయంత్రానికి కోదండపాణి గారు జావ తాగుతూ కూర్చున్నారు. మొహం ఇంకా గుమ్మడికాయలా ఉంది. వీరవేణిని దగ్గరికి పిలిచి చేయి పట్టుకున్నారు. ఆయన కళ్లు చెమ్మగిల్లాయి.

కాకినాడ తిరిగి వచ్చిన వారానికి ఆమెకు మెమో అందింది. "తమ అధికార పరిధిలో లేని మూడవ సున్నాను తొలగించినందుకు తమపై క్రమశిక్షణ చర్య ఏల తీసుకొనరాదో తెలుపవలెను. సదరు సున్నాను వెంటనే యథాస్థానమునందు ఉంచవలెను." కింద కోదండపాణి గారి సంతకం.

ఆమె సరాసరి ఆయన గదిలోకి వెళ్లింది. ఆయన మొహం ఎత్తలేదు.

"నేను సంతకం పెట్టకపోతే నన్ను అడుగుతారు, వేణిగారూ," అన్నారు. "ప్రాణం పోసినవాళ్లని వదిలేశాడంటారు. పక్షపాతం కిందికి వస్తుంది."

"సున్నా వెనక్కి పెట్టేయమంటారా అండి?"

"పెట్టేయండి. విషయం అక్కడితో సద్దుమణుగుతుంది."

వీరవేణి ఆ రాత్రి సరిగ్గా అన్నం తినలేదు. ఇంక్రిమెంటు పోతే పోయింది, హేచరీ గురించి రాసిచ్చిన పదిహేను పేజీల నివేదికను ఎవరూ తెరిచి చూడలేదన్న బాధ ఎక్కువగా ఉంది. సత్తిరాజు మెమో చదివి, "పెట్టమన్నారుగా, పెట్టేయి. నీదేం పోయింది," అన్నాడు. మర్నాడు ఆమె ఉత్తర్వు ప్రకారం సున్నాను యథాస్థానంలో ఉంచి, ఆసుపత్రి ఖర్చు లక్షా తొంభై ఎనిమిది వేల రూపాయలని దిద్ది, ఆర్థిక విభాగానికి పంపేసింది.

రెండు రోజులు అంతా ప్రశాంతంగా ఉంది. మూడో రోజు మధ్యాహ్నం ఏకాంబరేశ్వరరావు గారు స్వయంగా ఆమె బల్ల దగ్గరికి వచ్చారు. ఆయన ఒకరి బల్ల దగ్గరికి నడిచి రావడం ఆఫీసులో ఎవరూ చూడలేదు. అద్దాలు తీసి తుడవబోయి, తుడవకుండానే పెట్టేసుకున్నారు.

"అమ్మా, చిన్న చిక్కు వచ్చింది. ఖర్చు లక్షా తొంభై ఎనిమిది వేలని లెక్కల్లోకి ఎక్కింది. సంచిలోంచి పోయింది మాత్రం పందొమ్మిది వేల ఎనిమిది వందలు."

"అవునండి."

"అంటే ఉండవలసిన దానికన్నా సంచిలో లక్షా డెబ్బై ఎనిమిది వేల రెండు వందలు ఎక్కువ ఉంది. సంచి నా అధీనంలో ఉంది. ఆ డబ్బు ఎక్కడిదని ఆడిట్ వాళ్లు నన్ను అడుగుతున్నారు. ఆదాయానికి మించిన సొమ్ము అంటున్నారు." ఆయన గొంతు తగ్గింది. "ఆ సున్నా మళ్లీ తీసేయమ్మా."

వీరవేణి ఆయన వైపు చూసింది. ఈ మాట అనవలసి వస్తుందని ఆమె ముందుగా అనుకోలేదు.

"నాకు ఆ అధికారం లేదండి," అంది.

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. వీరవేణి ఫ్లాస్కులోంచి టీ పోసి ఆయన ముందు పెట్టింది. ఆయన దాన్ని తాగారు. ఇద్దరూ కలిసే కోదండపాణి గారి దగ్గరికి వెళ్లారు. తన ప్రాణానికి సంబంధించిన సున్నాను తనే తీయడం నిష్పాక్షికత అనిపించుకోదని చెప్పి ఆయన ఫైలును ప్రభుత్వానికి పంపారు.

ప్రభుత్వం నుంచి జవాబు రావడానికి వర్షాకాలం గడిచింది. ఆ సున్నా మొదటినుంచీ లేనట్టు భావించవచ్చునని, మెమో కూడా ఉపసంహరించవచ్చునని రాశారు. ఏకాంబరేశ్వరరావు గారి పింఛను దక్కింది. టీ బిల్లు రాసి శీతల గిడ్డంగికి పోయినాయన్ని అడిగినవాళ్లు లేరు, ఆయన అక్కడే ఉన్నాడు. హేచరీ నివేదికను వీరవేణి ఎవరి అనుమతీ అడగకుండా నకళ్లు తీయించి, ఆదివారాలు తన మండలాల్లోని చెరువుగట్ల మీద కూర్చుని రైతులకు చదివి చెప్పింది. ఖర్చులు మాత్రం ఆమెకు సగమే తెలుసు. వాళ్లు మిగతా సగం తామే లెక్కలు వేసుకున్నారు.

జవాబులోనే చివర ఒక సూచన ఉంది. సున్నాలు తీయవలసిన అవసరం రాని దేశాలకే ఇకమీదట అధ్యయన బృందాలను పంపాలన్నారు. మండలి వెతికి వెతికి కువైట్‌ను ఎంపిక చేసింది. అక్కడి రొయ్యల సాగు గురించి ఎవరికీ ఏమీ తెలియదు గాని, డబ్బు మాత్రం చాలా బరువైనది.

మళ్లీ మీటింగు పెట్టారు. అక్కడి దినారును రూపాయల్లోకి ఎలా మార్చాలో చెప్పమని కోదండపాణి గారు ఈసారి వీరవేణినే అడిగారు. ఆమె తప్పక చెప్పింది.

"మూడుతో హెచ్చేసి, పక్కన రెండు సున్నాలు చేర్చుకుంటే ఇంచుమించు సరిపోతుందండి."

"సున్నాలు చేర్చే అధికారం ఎవరికి ఇద్దాం?" అన్నారు కోదండపాణి గారు.

అభ్యంతరాలు వస్తాయని ఆయన కలం పట్టుకుని ఎదురుచూశారు. ఒక్కటీ రాలేదు. నిబంధనలు ఎవరూ అడగలేదు. ఆ బాధ్యత స్వీకరించడానికి బల్ల చుట్టూ ఉన్న చేతులన్నీ నెమ్మదిగా పైకి లేచాయి. మరో నెలలో పదవీ విరమణ చేయబోతున్న ఏకాంబరేశ్వరరావు గారి చెయ్యి కూడా లేచింది.

వీరవేణి చేతులు బల్ల మీదే ఉన్నాయి. ఆ రోజు సమావేశపు తీర్మానంలో దాన్ని "ఒకరు తటస్థము" అని నమోదు చేశారు.